పెనం దగ్గర పాదాలు

నర్సీపట్నం
2025 జనవరి 20, సోమవారం

మావయ్యా,

ఈరోజు మొదటి వింత పొద్దున్నే జరిగింది. మా కాలేజీలో యోగా చెప్పే వరహాలక్ష్మి మేడం క్లాసంతటినీ వరండాలోకి తీసుకెళ్ళి, చెప్పులు విప్పించి, కళ్ళు మూసుకోమని, "మీ ఎడమ పాదం ఏం చెబుతోందో వినండి" అన్నారు. వెనక వరసలోంచి చిట్టిరాజు "ఆకలంటోందండీ" అన్నాడు. మేడం నవ్వి, "అది పాదం మాట కాదు నాన్నా, కొంచెం పైన వెతుక్కో" అన్నారు.

నవ్వులు ఆగాక నిజంగానే విన్నాను. గచ్చు చల్లగా ఉందని అందరికీ తెలుసు. కానీ ఆ చల్లదనం మడమకి గట్టిగా తగులుతోంది, వేళ్ళకి జిల్లుమంటోంది. బొటనవేలి కింద ఇసక రేణువు ఉంది. అది గుచ్చడం లేదు, పొడవడమూ లేదు. గీరుతోంది. ఆ మాట దొరకగానే, చీకట్లో తడుముతుంటే స్విచ్చి చేతికి తగిలినట్టయింది.

అప్పటినుంచి మాటలు ఏరుకుంటున్నాను. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, మంట వేరు. ఇన్నాళ్ళూ అన్నిటినీ కలిపి నొప్పి అనేశాను. ఊళ్ళో ఎవరు కనిపించినా పేరు పెట్టి పిలవకుండా "ఓ మనిషీ" అన్నట్టు.

మా లైబ్రరీ గుమ్మం పక్కన గోడపత్రిక ఉంది. దానికి పాదాల మీద రాస్తానని పేరిచ్చేశాను. నీకంటే ఎవరికి తెలుస్తుంది? చెప్పులతో పెనం దగ్గరికి రాకూడదని మన గానుగలో నియమం కదా. చెరకు రసం బెల్లమయ్యేదాకా పొయ్యి పక్కన ఉత్త కాళ్ళతో నిలబడతావు. ఆ పాదాలు ఏం చెబుతాయో రాసి పంపు. మీ మాటల్లోనే రాయి, దిద్దకు.

ఇంకోటి. నిన్న వార్డెన్ ఫోనులిచ్చినప్పుడు అత్తతో మాట్లాడాను. నీ మడమ కింద బొబ్బ లేచిందట, నువ్వు పట్టించుకోవట. ఆదివారం కూడా నువ్వు పెనం వదిలి ఫోను దగ్గరికి రావు కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను. ఎలా ఉంది?

పాల వ్యాను కొండన్నకి ఇస్తున్నాను. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

నీ ఇంట్లో పెరిగి, నీ బెల్లం తిని, ఇప్పుడు నీ మాటల కోసం చెయ్యి చాపుతున్న
వెంకటదుర్గ


కోటవురట్ల
జనవరి 24, శుక్రవారం

అమ్మడూ దుర్గా,

కొండన్న యాను ఆపి హారను కొడతాంటే పాలు ఇరిగిపోయాయేమో అనుకున్నాను. సూస్తే నీ ఉత్తరం. పెనం మీద రసం పొంగుకొస్తాంది, రెండూ సూడలేక మీ అత్త సేత సదివించాను. కళావతి సగం సదివి నవ్వు. "పాదం ఏటి సెబుతాది మావా, గోళ్ళు కత్తిరించుకోమంటాది" అంది.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తన్నాను. పెనం కాడికి కొత్తగా ఒచ్చినోడికి కాలు సుర్రుమంటాది. కోడిపిల్లలాగ గెంతుతాడు. తర్వాతి ఏటికి సురుకు పోయి మంట. ఇంకొన్నేళ్ళకి మంట పోయి ఒట్టి ఎచ్చన. నాను శానా ఏళ్ళు ఆ ఎచ్చన కాడే ఉండిపోనాను. ఈ ఏడు అది కూడా పోయింది. పొయ్యి నోటి కాడ కాలెట్టినా పచ్చగడ్డి మీద ఎట్టినట్టే ఉంటాది. నాకు ఈ పని నేర్పిన పెదబాబుకి ముసలితనంలో అలాటి కాళ్ళొచ్చాయి. నాకు బేగినే ఒచ్చీసాయి.

బొబ్బ సంగతి. అది ఎప్పుడు లేచిందో నాకే తెలీదు, మీ అత్త సూసి సెప్పింది. నొప్పి లేనిదానికి మందేటి?

హాస్టల్లో కూర బాగోపోతే ఊరుకోకు. కొండన్న సేత బెల్లం దిమ్మ ముక్క పంపుతున్నాను, చీమలకంటే ముందు నువ్వు తిను.

పొయ్యి కాడినుంచి
మీ మావయ్య సోములు


నర్సీపట్నం
జనవరి 29, బుధవారం

మావయ్యా,

చీమలకంటే ముందు హాస్టలు పిల్లలు వచ్చేశారు. కాగితానికి అంటుకున్నది నాకు దక్కింది.

నీ ఉత్తరం చదివినప్పటినుంచి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. చురుకు, దాని తర్వాత మంట, ఆ తర్వాత వెచ్చన, చివరికి ఏమీ లేకపోవడం. ఎంత బాగా వరస పెట్టావు. నేను వారం కూర్చున్నా రాయలేను. దాన్నే పట్టుకుని "నిప్పును గెలిచిన పాదాలు" అని రాశాను. గోడపత్రిక మధ్యలో పెట్టారు. చిట్టిరాజు బల్ల ఎక్కి పైకి చదివాడు. కొత్తవాడు కోడిపిల్లలా గెంతడం దగ్గర వాడే గెంతి చూపించి బల్ల మీంచి పడ్డాడు. నకలు ఒకటి దీంతో పంపుతున్నాను.

ఆదివారం అత్త మళ్ళీ బొబ్బ గురించి ఎత్తింది. "నొప్పి లేదని మావయ్యే రాశాడు, ఎందుకత్తా నీకు గొడవ, పసుపు రాసి వదిలెయ్" అన్నాను. "నీకేటి తెలుసే గుంటా, నువ్వు కాయితం సూస్తన్నావు, నాను కాలు సూస్తన్నాను" అంది. అత్త కోపంలో కూడా మాట ఎంత నిక్కచ్చిగా వస్తుందో చూడు.

ఒక్క అనుమానం. వెచ్చన కూడా పోయాక మిగిలే ఆ స్థితికి మీ పనివాళ్ళ దగ్గర ఏదైనా పేరుందా? నిఘంటువులో తిమ్మిరి ఉంది, మొద్దుబారడం ఉంది. మొద్దుబారడం నీ కాళ్ళకి సరిపోదు. అందులో గౌరవం లేదు.

నీ పాదాల వల్ల కాలేజీలో పేరు తెచ్చుకున్న
దుర్గ


కోటవురట్ల
ఫిబ్రవరి 3, సోమవారం

అమ్మడూ,

నీ రాత గానుగంతా ఇన్నారు. క్రషర్లోకి చెరకు అందించే మత్స్యలింగం గట్టిగా సదివాడు. వాడు సదవడమేటి, సంతలో ఎద్దుని అమ్మినట్టు అరిసాడు. పెనం కాడ నాకు సాయం పట్టే అప్పలరాజు కళ్ళు తుడుసుకున్నాడు. పొగో, నీ రాతో తెలీదు.

అప్పుడు మత్స్యలింగం ఊరుకోకుండా "రాతలో గెలిసావు సరే, మాకు సూపించు" అన్నాడు. పొయ్యిలోంచి కణికలు లాగి నేల మీద పరిసాడు. నాను నడిసేసాను. నీ మీద ఒట్టు, ఏటీ తెలీలేదు. అందరూ ఈలలేసారు. మీ అత్త మాత్తరం అన్నం గిన్నె ఎత్తి కింద ఎట్టిన సప్పుడుకి పిల్లి పారిపోయింది. ఆ కాడినుంచి నాతో మాటల్లేవు. సైగలే.

బొబ్బ సితికింది. మీ అత్త పాత సీర సింపి కట్టింది. పొద్దున లేసేసరికి గుడ్డ తడిసిపోయి ఉంటాంది. కొంచెం వాసన. నొప్పి మాత్తరం ఇసుమంత లేదు, నువ్వు బెంగెట్టుకోకు.

ఒళ్ళు ఏటి సెబుతాదో ఇనమన్నావు కదా, ఇంటన్నాను. పొయ్యి కాడ కదా, దాహం. కుండ నాదే, సెంబు నాదే. తాగిన నీళ్ళు నిలవవు, తోటలోకి ఎల్లి ఒస్తానే ఉండాలి. నడుం సన్నబడ్డాది. పెళ్ళినాటి బెల్టు తీసి ఎట్టుకున్నాను, సరిపోయింది. కుర్రోడినైపోతున్నాను.

పేరడిగావు. పెదబాబు దాన్ని "కాలు పండింది" అనేవోడు. పచ్చికాలు, పండుకాలు. ఇది గౌరవంగా ఉందా?

కాలు పండిన
సోములు మావయ్య


నర్సీపట్నం
ఫిబ్రవరి 7, శుక్రవారం

మావయ్యా,

ఈ ఉత్తరం నిలబడి కాదు, కూర్చుని చదువు. కాళ్ళు పొయ్యికి దూరంగా పెట్టుకో.

మేడం ఇన్నాళ్ళూ సెలవులో ఉండి నిన్న వచ్చారు. గోడపత్రిక చదివి నన్ను పిలిచారు. మెచ్చుకుంటారని పరిగెత్తాను. "ఈ పాదాలెవరివి దుర్గా?" అన్నారు. మా మావయ్యవి అన్నాను, గర్వంగానే. "ఆయన డాక్టరుకి చూపించుకున్నారా?" అన్నారు. ఎందుకండీ, నొప్పి లేదండీ అని నీ ఉత్తరం తీసి చదివాను. దాహం దగ్గరికి రాగానే మేడం చెయ్యెత్తి ఆపి, ఆ వాక్యం మళ్ళీ చదవమన్నారు. చదివాను.

విను. దాహం, తాగిన నీళ్ళు నిలవకపోవడం, మనిషి చిక్కిపోవడం, కాలికి నిప్పు తెలియకపోవడం. నువ్వు పొయ్యి దగ్గర ఉంటావు కాబట్టి అన్నిటికీ పొయ్యే కారణం అనుకున్నావు. నువ్వు రాస్తే నేనూ అనుకున్నాను. మేడం వాళ్ళ నాన్నగారికి కూడా ఇలాగే మొదలైందట. షుగరు ఎక్కువై, గమనించకపోతే, పాదంలో నరాలు చచ్చుబడతాయట. పుండు లోపలికి తినేస్తున్నా మనిషికి తెలియదట. ఆలస్యమైతే వేలు తీస్తారు, కొందరికి పాదమే తీస్తారు. నీకు అదేనని మేడం అనలేదు. ఒక్కరోజు కూడా ఆగకుండా చూపించుకోమన్నారు.

నేను పొగిడినది నిప్పును గెలవడం కాదు మావయ్యా. నేను మాట చూశాను, అత్త కాలు చూసింది. నా రాతని గోడ మీంచి తీసేశాను.

ఒక పని చెయ్యి. కళ్ళు మూసుకుని మంచం మీద పడుకో. అత్తని వెలిగించని దీపం వత్తి ఒకటి తీసుకుని నీ అరికాళ్ళ మీద అక్కడక్కడ మెల్లగా ఆనించమను. ఆనించినప్పుడల్లా నువ్వు "ఊఁ" అనాలి. అంతే. తర్వాత ఏం జరిగినా నర్సీపట్నం రా, పెద్దాసుపత్రికి వెళ్దాం. వచ్చేదాకా పెనం దగ్గరికి వెళ్ళకు. పరీక్షలయ్యేదాకా వార్డెన్ ఫోనులివ్వరట, అందుకే ఇదంతా కాగితం మీదే.

జవాబు కోసం పాల వ్యాను వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నిలబడే
దుర్గ


కోటవురట్ల
ఫిబ్రవరి 11, మంగళవారం

దుర్గకి,

గోడ మీంచి పీకీసావన్నమాట. ఇక్కడ మత్స్యలింగం నీ రాతని క్రషర్ షెడ్డు తడికకి గుచ్చి ఎట్టాడు, ఒచ్చినోళ్ళందరికీ సూపిస్తన్నాడు. నాను ఇప్పుడు ఎల్లి, అది అబద్దంట, నా కాలుకి జబ్బంట అని సెప్పాలా?

నీ మేడం గారు నన్ను సూడలేదు. నా పెనం సూడలేదు. కాయితం మీద నాలుగు ముక్కలు ఇని రోగం కట్టీసినారు. నువ్వు కట్టించావు. నా మాటలు కావాలని అడిగి తీసుకుని, వాటిని నా మీదకే తిప్పావు.

ఇంకో మాట ఆలోసించు. గానుగలోకి షుగరు అనే మాట ఒచ్చిందంటే ఏటవుతాదో తెలుసా? బెల్లం కాసేవోడికి షుగరంట అని ఊరూరా నవ్వుతారు. పెనం కాడ ఇంకోడిని నిలబెడతారు. పెదబాబు ఎల్లిన కాడినుంచి ఆ సోటు నాది. ఎచ్చటి పాకం సూసి ఇది దిగాలి, ఇది ఆగాలి అని సెప్పడం తప్ప నాకు ఇంకేటీ రాదు. పొలం లేదు, కొట్టు లేదు.

వత్తి ఆటలు సిన్నపిల్లలవి. నొప్పొస్తే నానే ఎల్తాను.

సదువు మీద దృష్టెట్టు.
సోములు


నర్సీపట్నం
ఫిబ్రవరి 14, శుక్రవారం

మావయ్యా,

మొదటిసారి నువ్వు "అమ్మడూ" అనకుండా ఉత్తరం రాశావు. ఛాతీ మధ్యలో ఏదో బిగుసుకుంది. దానికి మాట వెతకలేదు.

నిన్ను చిన్నబుచ్చానని ఒప్పుకుంటాను. రోగం కట్టానని మాత్రం ఒప్పుకోను, చూపించుకోమన్నాను. నువ్వు కోప్పడ్డా అదే అంటాను, మాట్లాడ్డం మానేసినా అదే అంటాను.

మేడం మాట పక్కన పెట్టు, నీ పని గురించే మాట్లాడుకుందాం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు అందరం భోజనానికి కూర్చున్నాం. బయట పెనం గుబగుబమని ఉడుకుతోంది, నువ్వు పప్పు కలుపుకుంటున్నావు. ఉన్నట్టుండి ఎంగిలిచేత్తో లేచి పరిగెత్తావు. ఏమైందని అడిగితే అత్త "పెనం సప్పుడు ఆగిపోయింది" అంది. నాకు ఏ తేడా వినిపించలేదు. కింద మంట అలాగే ఉండి పైన చప్పుడు ఆగిందంటే అడుగు పట్టేస్తోందని ఆరోజు నువ్వే చెప్పావు. అరిచే పెనంతో భయం లేదమ్మడూ, ఊరుకున్న పెనంతోనే భయం అన్నావు.

నీ కాలి కింద మంట అలాగే ఉంది. కాలు ఊరుకుంది. ఇప్పుడు నువ్వు పప్పు కలుపుకుంటూ కూర్చున్నావు.

నీ చోటు పోతుందంటున్నావు. పాకం చూసేది నీ ముక్కు, నీ చెవి, నీ కళ్ళు. వాటికేం కాలేదు. వాటిని పెనం దాకా మోసుకెళ్ళేది ఆ పాదమే.

వత్తి పరీక్ష చెయ్యి. చేసి, నేను చెప్పింది తప్పయితే వచ్చి నన్ను తిట్టు. నీ తిట్లు కూడా రాసుకుంటాను, మంచి మాటలుంటాయి.

నీ
అమ్మడు


కోటవురట్ల
ఫిబ్రవరి 18, మంగళవారం

అమ్మడూ,

పెనం సంగతి నువ్వు రాసినకాడినుంచి నాకు అన్నం సయించలేదు. పప్పు కలిపినప్పుడల్లా నువ్వే కనబడుతున్నావు.

మొన్న మధ్యానం తలుపేసి కళావతిని పిలిసాను. నీ ఉత్తరం ఎప్పుడో సదివినట్టుంది, అడక్కుండానే వత్తి తెచ్చింది. పడుకుని కళ్ళు మూసుకున్నాను. బయట క్రషర్ తిరుగుతాంది. కాకి అరుస్తాంది. అన్నీ ఇనబడుతున్నాయి. మీ అత్త గాజుల సప్పుడు కూడా ఇనబడింది. ఎంతసేపటికీ ముట్టుకోదేటి అని ఇసుగొచ్చి "మొదలెట్టవే" అన్నాను.

కళ్ళు తెరిసాను. వత్తి మూలకి ఇసిరేసి ఉన్నాది. "అయిపోయింది మావా" అంది. "రెండు కాళ్ళూ అయిపోయాయి."

అప్పుడు నాకు బయ్యమేసింది. అది ఎక్కడ తెలిసిందో రాసుకో, నీకు పనికొస్తాది. బొడ్డుకి కొంచెం పైన, లోపల, తడిగుడ్డ ఎట్టినట్టు.

సాయంత్రం పెదబాబు పెళ్ళాం సింహాద్రమ్మ ఇంటికి ఎల్లాను. ముసిల్ది నా కట్టు సూసి, నాను అడక్కుండానే సెప్పింది. "కాలు పండిందని మీరంతా దండాలెట్టారు. మీ గురువు మురిసిపోయాడు. తర్వాత ఆ కాలే తీసీసినారు. అప్పుడు నరదిష్టి అన్నాం. దాహం దాహం అని ఆయన ఎంత అల్లాడాడో నాకు తెలుసు. నిప్పు కాడ మడిసి కదా అనుకున్నాం." అని నా సెయ్యి పట్టుకుని "ఎల్లరా బాబూ" అంది.

నిన్న పెనం కాడికి ఎల్లలేదు. ఎల్లలేదంటే, ఎల్లాను. కుర్చీ దూరంగా ఏసుకుని కూకున్నాను. అప్పలరాజు నిలబడ్డాడు. వాడు సూస్తన్నాడు, నాను ఇంటన్నాను. "దింపరా" అన్నాను. ఇంకా అవలేదంటాడు. దింపరా ఎదవా అన్నాను. దింపాడు. దిమ్మ బంగారంలాగ ఒచ్చింది. సంగతి నానే అందరికీ సెప్పీసాను. మత్స్యలింగం ఊరుకుంటాడా, "బెల్లం ఒదిలి మావకే పట్టేసిందేటి తీపి" అన్నాడు. అందరూ నవ్వారు. నాను కూడా నవ్వాను. నవ్వితే ఏటీ అవలేదు.

రేపు మొదటి బస్సుకి ఒస్తాను. కళావతి కూడా ఒస్తాది. నాకు ఆసుపత్రంటే ఏ గది ఎక్కడో తెలీదు. కాలు తీసేత్తారేమో ముందే కనుక్కుని సెప్పు. అబద్దం సెప్పకు.

ఇది పొద్దున్న కొండన్నకి ఇస్తన్నాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నీ జవాబు తెస్తాడు.

నీ
సోములు మావయ్య


నర్సీపట్నం
ఫిబ్రవరి 18, సాయంత్రం

మావయ్యా,

కొండన్న ఇంజను ఆపకుండా నిలబడ్డాడు, గబగబా రాస్తున్నాను.

మధ్యాహ్నం మేడంతో కలిసి పెద్దాసుపత్రికి వెళ్ళి కనుక్కున్నాను. అబద్ధం చెప్పద్దన్నావు, చెప్పను. చూడకుండా ఏమీ అనలేమన్నారు. పుండు ఎముక దాకా పోలేదంటే, షుగరు అదుపులోకి వస్తే, శుభ్రం చేసి కట్టు కడుతూ ఉంటే మానుతుందన్నారు. కాలు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువగా ఆలస్యంగా వచ్చినవాళ్ళేనట. నువ్వు ఆలస్యమే, కానీ వస్తున్నావు. నాకు నమ్మకంగా ఉంది. ఆ నమ్మకం ఎక్కడ తెలుస్తోందంటావా, రెండు భుజాల్లో. బరువు దించుకున్నట్టు కాదు, ఎత్తుకోవడానికి సిద్ధమైనట్టు.

పాదాలకి స్పర్శ తిరిగి రాకపోవచ్చని కూడా చెప్పారు. అందుకని ఇకనుంచి రోజూ కళ్ళతో చూసుకోవాలట. వంగలేకపోతే అద్దం కింద పెట్టుకుని చూడాలట. ఆ పని అత్తకి అప్పగిస్తున్నాను. నీకంటే బాగా చూస్తుంది. ఆరోజు గొడవెందుకన్నందుకు తనకి క్షమాపణ చెప్పుకోవడానికి ఫోను దాకా ఆగను, రేపే చెబుతాను. పెనం దగ్గర నియమం మీ గానుగవాళ్ళు ఎలా మార్చుకుంటారో వాళ్ళిష్టం, నువ్వు మాత్రం ఇంక ఉత్త కాళ్ళతో నిలబడవు.

రేపు పొద్దున్న ఇలా చేద్దాం. లేచాక ఏమీ తినకు, టీ కూడా వద్దు. రక్తం ముందు పరగడుపున తీస్తారు. మంచినీళ్ళు మాత్రం తాగు. అత్తని ఇడ్లీ డబ్బాలో పెట్టి తెమ్మను, రక్తం ఇచ్చాక తిందువు గాని. కాలి కట్టు విప్పకుండా అలాగే రా, ఎంత తడిసిందో డాక్టరు చూడాలి. బస్సు కాంప్లెక్సులో దిగి నడవకండి, అక్కడే ఆటో ఎక్కండి. నేను ముందే వెళ్ళి ఓపీ చీటీ వరసలో నిలబడతాను. ఆసుపత్రి గేటు లోపల, కుడి చేతి వైపు, నీలం బల్ల ఉంటుంది. నువ్వు దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చో. నీ పేరు పిలిచేసరికి నేను చీటీతో వచ్చేస్తాను.

దుర్గ